బెంగళూరు నుంచి తిరుపతి ఇంటి సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ పోవడం లే, టైమవుట్

కొర్లగుంట_కిట్టు
మూడు రోజుల్నించి ఇదే తలనొప్పి. నేను బెంగళూరులో, సర్వర్ తిరుపతిలో మా ఇంట్లో. ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంనుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే దారి) దాంట్లోకి పోతా ఉంటా. సర్వర్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. 2014లో కొన్న డెస్క్‌టాప్, ఉబుంటు 24.04, రెండు టెరాబైట్ల డిస్క్. అక్క పెళ్లి వీడియోలు, ఇంటి కాగితాల స్కాన్లు, నా కోడు అంతా అందులోనే. రౌటర్‌లో బయటి 2222 పోర్ట్‌ని (పోర్ట్ అంటే మెషీన్ తలుపు నంబరు) లోపలి 22కి ఫార్వర్డ్ చేసి పెట్టినా. రెండేళ్లలో ఒక్కరోజు కూడా మొండికేయలే.

శనివారం సాయంత్రం నుంచి "కనెక్షన్ టైమ్డ్ అవుట్". నాయనకి ఫోన్ చేస్తే "లైటు వెలగతా ఉండాది, ఫ్యాను తిరగతా ఉండాది, ఇంగేం కావాల" అంటాడు. ఇంట్లో నెట్ బాగానే ఉంది, అమ్మ ఫోన్లో సీరియల్ ఎక్కడా ఆగకుండా వస్తోందంట. ఎవరూ ఏమీ మార్చలేదంట. జాతరకి ఊరికి రావాలనుకున్నా, సెలవు దొరకలే. ఇక్కడ కూర్చునే ఎట్ల సరిచేయాలో చెప్పండప్పా.

పలమనేరు_పాలకోవా
రీబూట్ చేసినావా?

కొర్లగుంట_కిట్టు
నాయన రెండుసార్లు చేసినాడు. మూడోసారి అడిగితే నన్ను రీబూట్ చేస్తానన్నాడు.

కాణిపాకం_కుర్రోడు
నెట్ కంపెనీ వాళ్లు 2222 బ్లాక్ చేసుంటారు బ్రో. సర్వర్‌లోనే పోర్ట్ మార్చెయ్. ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్ వైపు లాగిన్ తీసుకునే ప్రోగ్రామ్) కాన్ఫిగ్‌లో పోర్ట్ 8022 అని రాయించు, రౌటర్‌లోనూ అదే పెట్టు, సర్వీస్ రీస్టార్ట్. అయిపాయె.

పాతబస్టాండ్_అడ్మిన్
కుర్రోడా, జ్వరం చూడకుండానే సూదా?

కిట్టూ, ముందు ఎర్రర్‌ని సరిగ్గా చదువు. ఎస్‌ఎస్‌హెచ్ పోలేదు అంటే మూడు రకాలు, మూడింటికీ సంబంధం లేదు. మన ఊరి భాషలో చెప్తా.

టైమవుట్ అంటే నువ్వు అలిపిరిలోనే ఆగిపోయినట్టు. నీ ప్యాకెట్ కొండెక్కలేదు, లేదా ఎక్కినా జవాబు కిందికి రాలేదు. అడ్రస్ తప్పు, మధ్యలో ఫైర్‌వాల్ మింగేసింది, మెషీనే నిద్రపోతోంది, ఇట్లాంటివి.

"కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే వైకుంఠం క్యూ కాంప్లెక్స్ దాకా పోయినావు, కౌంటర్ మూసేసి ఉంది. మెషీన్ బతికే ఉంది, ఆ పోర్ట్ మీద వినేవాడు లేడు. అది కూడా ఒక జవాబే, అందుకే వెంటనే వస్తుంది.

"పర్మిషన్ డినైడ్" అంటే కౌంటర్ తెరిచే ఉంది, నీ ఆధార్‌లో పేరూ టికెట్‌లో పేరూ కలవలేదు. అప్పుడు నెట్‌వర్క్‌ని తిట్టుకుని లాభం లేదు, తాళం సంగతి చూడాల.

నీది మొదటి రకం. సర్వర్‌లో కాన్ఫిగ్ ముట్టుకునే పనే లేదు ఇప్పుడు. ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కి మైనస్ వి మూడుసార్లు పెట్టి కొట్టు, ప్రతి అడుగూ చెప్తుంది, ఏ లైన్ దగ్గర ఆగిందో రాయి. ఇంట్లో అదే వైఫైలో ఉన్నవాళ్లెవరితోనైనా లోపలి ఐపీకి కొట్టించు.

కొర్లగుంట_కిట్టు
అన్నా, "కనెక్టింగ్ టు" అన్న లైన్ దగ్గరే ఆగింది. రెండు నిమిషాల తర్వాత టైమవుట్. దాని కింద ఒక్క అక్షరం లేదు.

ఇంకో సంగతి. నువ్వు రాసేలోపల నేను కుర్రోడు చెప్పింది చేసేసినా. నాయన మానిటర్ పెట్టుకుని కూర్చున్నాడు, నేను ఫోన్లో చెప్పినా. పోర్ట్ 8022 అయింది, రీస్టార్ట్ కూడా అయింది. టైమవుట్ మాత్రం పోలే.

పాతబస్టాండ్_అడ్మిన్
సరిపోయింది. ఇప్పుడు రెండు జబ్బులు.

చిత్తూరు_తోతాపురి
నా అనుభవం చెప్తా, పనికొస్తే వాడుకో. మా మామిడి గుజ్జు యూనిట్‌లో బిల్లింగ్‌కి ఒక లైనక్స్ పెట్టె ఉంది. సీజన్లో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. తెల్లారి చూస్తే ఎస్‌ఎస్‌హెచ్ లేదు, పింగ్ లేదు, లైటు మాత్రం వెలుగుతోంది. లారీలు బయట లైన్లో ఉన్నాయి, తూకం చీటీలు చేత్తో రాస్తున్నారు. మానిటర్ పెట్టి చూస్తే "ఎమర్జెన్సీ మోడ్" అని నల్ల స్క్రీన్.

ఏం జరిగిందంటే, బ్యాకప్‌కి పెట్టిన యూఎస్‌బీ డిస్క్ ఊడింది. ఎఫ్‌స్టాబ్ ఫైల్లో, అంటే బూట్‌లో ఏ డిస్క్‌లు తగిలించాలో రాసే చోట, ఆ డిస్క్ పేరు ఉంది. బూట్ అయ్యేటప్పుడు తొంభై సెకన్లు దానికోసం చూసి, దొరక్క, సిస్టమ్ అక్కడే చతికిలబడింది. నెట్‌వర్క్ దాకా రానేలేదు. ఆ లైన్లో "నోఫెయిల్" అన్న ఒక్క మాట చేర్చాక మళ్లీ ఆ గొడవ రాలే. లైటు వెలిగితే సర్వర్ బతికుందని కాదు అని చెప్పడానికి రాస్తున్నా.

పలమనేరు_పాలకోవా
మాది ఇంకా సింపుల్. సర్వర్ పాత ల్యాప్‌టాప్. రోజూ సాయంత్రం ఆరుకి ఎస్‌ఎస్‌హెచ్ చచ్చిపోయేది, పొద్దున బతికేది. నెల రోజులు లాగ్‌లు చదివినా. మా అమ్మ దీపం పెట్టే ముందు ఇల్లు ఊడుస్తూ "తెరిచి పెట్టినాడు చూడు" అని మూత మూసేది. పొద్దున తమ్ముడు తెరిచేవాడు.

లాగిన్‌డీ కాన్ఫిగ్‌లో హ్యాండిల్ లిడ్ స్విచ్‌ని ఇగ్నోర్ అని పెట్టినా, మూత మూసినా పట్టించుకోదు. అమ్మని మార్చడం కంటే అది సులువు.

రేణిగుంట_లూప్‌లైన్
పాలకోవా 😂 నెల రోజులు లాగ్‌లు చదివి అమ్మని ఒక్కసారి అడగలేదా

కొర్లగుంట_కిట్టు
మాది డెస్క్‌టాప్, మూత గొడవ లేదు. ఎమర్జెన్సీ మోడ్ కూడా కాదు, నాయన లాగిన్ అయి టైప్ చేసినాడు కదా.

చెల్లి ఫోన్లో టెర్మక్స్ (కమాండ్లు కొట్టే యాప్) వేయించి లోపలి ఐపీకి పింగ్ కొట్టించినా. 192.168.1.50 జవాబు ఇస్తోంది. అంటే ఇంట్లో మెషీన్ బాగానే ఉంది.

ఇంగ అసలు కథ. చెల్లి వెనకనుంచి అరుస్తోంది: "శనివారం నెట్ వాళ్లబ్బాయి వచ్చి పెట్టె మార్చినాడు కదా!" నాయన అప్పుడు చల్లగా అంటాడు, "అది వైఫై పెట్టె, నువ్వడిగింది కంప్యూటర్ గురించి కదా" అని.

ఎస్వీయూ_హాస్టల్_కాపు
"ఎవరూ ఏమీ మార్చలేదు" అన్న మాటకి ఎక్స్‌పైరీ సరిగ్గా పది పోస్టులు.

పాతబస్టాండ్_అడ్మిన్
ఇంగేముంది. కొత్త పెట్టెలో నీ పాత ఫార్వర్డింగ్ రూల్ ఉండదు. నాయనగారితో మళ్లీ రాయించు. అది రాయించేటప్పుడే అదే పేజీల్లో వ్యాన్ ఐపీ (పెట్టెకి బయటివైపు ఉండే అడ్రస్) ఏముందో చూసి చెప్పమను. దానికి ముందు ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా "నా ఐపీ ఏంటి" అని వెతికి వచ్చిన నంబరు కూడా రాసుకోమను. రెండూ ఒకటేనా, వేరా?

కొర్లగుంట_కిట్టు
రూల్ రాయించినా, 2222 నుంచి 8022కి. టైమవుట్ అట్లే ఉంది.

వ్యాన్ ఐపీ 100.81తో మొదలవుతోంది. ఫోన్లో చూపించేది 103తో మొదలవుతోంది. వేరు వేరు.

పాతబస్టాండ్_అడ్మిన్
దొరికింది దొంగ. అది సీజీనాట్.

ఐపీవీ4, అంటే పాత రకం ఇంటర్నెట్ అడ్రస్‌లు ఎప్పుడో అయిపోయినాయి. ప్రపంచం మొత్తానికి పంచే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయింది, మన ఆసియా పసిఫిక్ వాటా అదే ఏడాది ఏప్రిల్‌లో చివరి ముక్కకి వచ్చింది. అందుకని నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక చాలా ఇళ్లని కూర్చోబెడతాయి, అదే సీజీనాట్. ఆ మధ్య భాగానికి వాడుకోమని 100.64 నుంచి 100.127 దాకా 2012లో విడిగా కేటాయించినారు. నీ 81 సరిగ్గా అందులో ఉంది.

అంటే మీ ఇంటి పెట్టెలో నువ్వు ఎన్ని ఫార్వర్డింగ్ రూల్స్ రాసినా, ఆ పైన కంపెనీ వాళ్ల పెట్టెలో రాసేవాడు లేడు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఏ ఫ్లాటో చెప్పకుండా, నీ ఫ్లాట్ తలుపు మాత్రం బార్లా తెరిచి కూర్చున్నట్టు.

పూతలపట్టు_పెద్దబ్బాయి
నాకొక డౌటు. నా సర్వర్ ఐపీ కూడా 100తోనే మొదలవుతుంది, కానీ బయటినుంచి బ్రహ్మాండంగా పని చేస్తుంది. మరి సీజీనాట్ అయితే పోకూడదు కదా?

ఎస్వీయూ_హాస్టల్_కాపు
పెద్దబ్బాయీ, నువ్వు టైల్‌స్కేల్ (మన మెషీన్లని సొంత టన్నెల్‌తో కలిపేది) వేసుకుని మరచిపోయినావు. అది కూడా అదే 100.64 వరస వాడుకుంటుంది.

పూతలపట్టు_పెద్దబ్బాయి
...అవును. మా బావమరిది వేసినాడు. సరే నేను వెళ్తా.

కాణిపాకం_కుర్రోడు
చూసినారా, నేను చెప్పినట్టే నెట్ కంపెనీ తప్పే.

పాతబస్టాండ్_అడ్మిన్
కంపెనీ అన్నావు గానీ పోర్ట్ అన్నావు. సగం మార్కులు.

కొర్లగుంట_కిట్టు
కస్టమర్ కేర్‌కి చేసినా. ఇరవై నిమిషాలు పాట వినిపించి, "స్టాటిక్ ఐపీ కావాలంటే బిజినెస్ ప్లాన్ తీసుకోండి సార్" అన్నారు. ఇప్పుడు కట్టేదానికి రెండింతల పైనే. పెళ్లి వీడియోలకి అంత పెట్టలేను. వేరే దారి?

ఎస్వీయూ_హాస్టల్_కాపు
ముందు ఐపీవీ6 చూడు, అదే కొత్త రకం అడ్రస్. సర్వర్‌లో ఐపీ అడ్రస్ కమాండ్ కొడితే 2తో మొదలయ్యే పొడుగు అడ్రస్ ఉందా? ఉంటే నాట్ గొడవే లేదు, నేరుగా పోవచ్చు. రౌటర్ ఫైర్‌వాల్ బయటినుంచి వచ్చేవాటిని మామూలుగా ఆపేస్తుంది, అక్కడ ఒక్క పోర్ట్ తెరవాలి. నువ్వుండే చోట కూడా ఐపీవీ6 ఉండాలి. మొబైల్ డేటాలో దాదాపు ఉంటుంది, ఆఫీసుల్లోనే కష్టం.

కొర్లగుంట_కిట్టు
ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది ఒక్కటే ఉంది.

ఎస్వీయూ_హాస్టల్_కాపు
అది గడప దాటదు. అయితే టన్నెలే గతి. టైల్‌స్కేల్ వేసుకో, పావుగంట పని. రెండు వైపులా లోపలినుంచి బయటికి పోయే కనెక్షనే కాబట్టి సీజీనాట్ అడ్డం రాదు.

శ్రీకాళహస్తి_కలంకారి
నేను ఒప్పుకోను. ఇంటి తాళంచెవి మూడో మనిషి చేతికి ఇవ్వడమేంటి? చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) ఒకటి నెలకి తీసుకో, దాని మీద వైర్‌గార్డ్ (టన్నెల్ వేసే ప్రోగ్రామ్) నీ చేత్తో నువ్వే పెట్టుకో. ఇంట్లో మెషీన్ ఆ వీపీఎస్‌కి ఫోన్ చేసి లైన్ పట్టుకుని కూర్చుంటుంది, నువ్వు కూడా అక్కడికే పోయి కలుస్తావు. నేను మూడేళ్లుగా అట్లే నడుపుతున్నా. వైర్‌గార్డ్ 2020 నుంచి లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది, విడిగా మాడ్యూల్ పెట్టుకునే పని లేదు.

ఎస్వీయూ_హాస్టల్_కాపు
అక్కా, టైల్‌స్కేల్ లోపల ఉన్నది కూడా వైర్‌గార్డే. ప్రైవేట్ కీ నీ మెషీన్ దాటి పోదు. వాళ్ల సర్వర్ చేసేది పెళ్లిళ్ల పేరయ్య పని, ఇద్దరి పబ్లిక్ కీలూ ఇద్దరికీ చేరవేయడం.

శ్రీకాళహస్తి_కలంకారి
ఆ పేరయ్య రేపు ఇంకొకడి కీని మా అబ్బాయిదే అని పరిచయం చేస్తే? నమ్మకం అక్కడుంది. కీ దొంగిలిస్తాడని నేననలేదు.

ఎస్వీయూ_హాస్టల్_కాపు
అది న్యాయమైన ప్రశ్నే. దానికి టైల్‌నెట్ లాక్ అని ఒకటుంది, కొత్త మెషీన్‌ని నువ్వు సంతకం పెడితేనే మిగతావి ఒప్పుకుంటాయి. అదీ నచ్చకపోతే హెడ్‌స్కేల్ పెట్టుకుని పేరయ్య పని కూడా నువ్వే చెయ్. కానీ కిట్టు వాళ్ల నాయన ఫోన్లో విని టైప్ చేయాలి. నీ పద్ధతిలో ఎన్ని లైన్లు టైప్ చేయాలో చెప్పు.

శ్రీకాళహస్తి_కలంకారి
సరే, ఈసారికి ఒప్పుకుంటున్నా. పెద్దాయన వేళ్ల కోసం.

కొర్లగుంట_కిట్టు
పెద్దాయన వేళ్ల గురించి దిగులు పడకండి. మా నాయన టెలిగ్రాఫ్ ఆఫీసులో చేసి రిటైరైనాడు. ఒక్క అక్షరం తప్పు పోదు. నేను "డాష్" అంటే మాత్రం గొంతులో ఏదో వస్తుంది, "పొడుగ్గానా" అని అడుగుతాడు. "డాట్" అంటే "ఒక్కటేనా" అంటాడు. నిన్న కమాండ్ మొత్తం నాకు తిరిగి చదివి వినిపించినాడు, అప్పట్లో తంతి తిరిగి చదివేవాళ్లంట.

రేణిగుంట_లూప్‌లైన్
ఈ దారంలో హీరో ఎవరో తెలిసిపోయింది.

కొర్లగుంట_కిట్టు
టైల్‌స్కేల్ పడింది. లాగిన్ లింక్ స్క్రీన్ మీద వస్తే నాయన ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినాడు, నేను ఇక్కడ తెరిచి ఒప్పుకున్నా. సర్వర్‌కి 100.101తో ఒక అడ్రస్ వచ్చింది. పింగ్ పోతోంది!!

కానీ 8022కి ఎస్‌ఎస్‌హెచ్ కొడితే ఇప్పుడు "కనెక్షన్ రెఫ్యూజ్డ్". నిన్న టైమవుట్, ఇయ్యాల రెఫ్యూజ్డ్. గంగమ్మ జాతరలో లాగా రోజుకో వేషం కడతా ఉంది.

పాతబస్టాండ్_అడ్మిన్
సంతోషించు. నిన్న బైరాగి వేషం, ఇవాళ బండ వేషం. వేషం మారిందంటే జాతర ముందుకు పోతోందని లెక్క. అలిపిరి దాటినావు.

ఇది నిన్న కుర్రోడు అంటించిన జబ్బు. సర్వర్‌లో ఎస్‌ఎస్ కమాండ్, దానికి మైనస్ టిఎల్‌ఎన్‌పి, ముందు సుడో (అడ్మిన్ హక్కుతో నడపడానికి). ఏ పోర్ట్ మీద ఎవడు కూర్చున్నాడో నాయనగారిని చదవమను.

కొర్లగుంట_కిట్టు
నాయన చదివింది: పోర్ట్ 22, పక్కన సిస్టమ్‌డీ అని ఉంది. 8022 ఎక్కడా లేదు. కాన్ఫిగ్ ఫైల్లో మాత్రం 8022 అనే ఉంది, రెండోసారి చూపించినాడు. రీస్టార్ట్ కూడా చేసినాము కదా?

పాతబస్టాండ్_అడ్మిన్
ఇక్కడే ఉబుంటు పాతవాళ్లందరినీ బోల్తా కొట్టిస్తుంది, నేనూ ఒక సాయంత్రం పోగొట్టుకున్నా.

22.10 నుంచి ఉబుంటులో ఎస్‌ఎస్‌హెచ్ సాకెట్ పద్ధతికి మారింది. తలుపు దగ్గర కూర్చునేది ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాదు, సర్వీసులన్నీ నడిపించే సిస్టమ్‌డీ. ఎవరైనా వచ్చి తలుపు కొడితే అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్‌డీని నిద్ర లేపి, ఆ కనెక్షన్ అప్పగిస్తుంది. నువ్వు సర్వీస్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లోపల నిద్రపోయేవాడిని లేపి పడుకోబెట్టినట్టే, గేటు దగ్గరవాడు 22 దగ్గరే కూర్చుంటాడు. 24.04లో కాన్ఫిగ్‌లో రాసిన పోర్ట్‌ని సాకెట్‌కి చేరవేసే ఏర్పాటుంది, కానీ దాన్ని కదిలించాలి: ముందు సిస్టమ్‌సీటీఎల్ డెమన్ రీలోడ్, తర్వాత సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎస్‌ఎస్‌హెచ్ డాట్ సాకెట్.

కానీ నీకు 8022 ఎందుకు? టైల్‌స్కేల్ లోపలినుంచే వస్తావు కదా. ఆ లైన్ తీసేసి 22కే పో.

కాణిపాకం_కుర్రోడు
22 ఉంచితే బాట్లు ఊరికే కొడతాయన్నా. పోర్ట్ మారిస్తే సేఫ్.

చంద్రగిరి_బురుజు
పోర్ట్ మార్చడం సేఫ్టీ కాదు, శబ్దం తగ్గించుకోవడం. స్కాన్ చేసేవాడు 65535 పోర్టులూ తిరిగి వస్తాడు. లాగ్ ఫైల్ శుభ్రంగా ఉంటుంది, అంతవరకే. పాస్‌వర్డ్ ఆపేసి కీ మాత్రమే ఉంచడం, రూట్ లాగిన్ ఆపడం, అప్‌డేట్‌లు, ఇవీ అసలు పనులు.

కాణిపాకం_కుర్రోడు
అసలు ఆ 22 ఎవడు పెట్టినాడు, 8022 పెట్టుంటే పోయేది.

చంద్రగిరి_బురుజు
ఎస్‌ఎస్‌హెచ్ రాసిన తాతు యలోనెన్ అనే ఫిన్లాండ్ ఆయన. 1995లో వాళ్ల యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవడో పాస్‌వర్డ్‌లు వినేసినాడని ఇది రాసినాడు. ఎఫ్‌టీపీ 21లో, టెల్‌నెట్ 23లో ఉండేవి, ఆ రెండింటి స్థానంలోకి రావాలనుకుని మధ్యలో ఖాళీగా ఉన్న 22 అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు ఆ రెండింటినీ ఎవడూ పలకరించడు.

కొర్లగుంట_కిట్టు
8022 లైన్ తీయించినా, డెమన్ రీలోడ్, సాకెట్ రీస్టార్ట్. 22కి కొట్టినా. మూడో వేషం దిగింది: "పర్మిషన్ డినైడ్, పబ్లిక్ కీ".

కీ అదే, ల్యాప్‌టాప్ అదే. వారం కింద ఇదే కీతో పోయినా. ఇది మాత్రం నిజంగా ఎవరూ ముట్టుకోలే.

ఎస్వీయూ_హాస్టల్_కాపు
"ఎవరూ ముట్టుకోలే" రెండో భాగం. పందెం ఎంత?

పాలసముద్రం_పవన్
నాకొకసారి "హోస్ట్ ఐడెంటిఫికేషన్ మారింది" అని పెద్ద అక్షరాలతో బెదిరించింది. అదేనా?

పాతబస్టాండ్_అడ్మిన్
కాదు పవన్. అది సర్వర్ మొహం మారినప్పుడు. ఓఎస్ మళ్లీ వేసినప్పుడో, ఆ ఐపీ ఇంకో మెషీన్‌కి పోయినప్పుడో వస్తుంది. ఇక్కడ సర్వర్ కిట్టు మొహాన్ని ఒప్పుకోవడం లేదు.

కిట్టూ, ఊరికే పదిసార్లు కొట్టకు. ఫెయిల్‌టూబ్యాన్ ఉంటే నిన్నే బయట పెడుతుంది.

రేణిగుంట_లూప్‌లైన్
నాకు జరిగింది అది. మామూలు సెట్టింగ్‌లో పది నిమిషాల్లో ఐదుసార్లు తప్పితే పది నిమిషాలు నిషేధం. నేను తెలివిగా దాన్ని ఒక వారం చేసుకున్నా. వారం నా సర్వర్ బయట నేనే కాపలా.

పాతబస్టాండ్_అడ్మిన్
నీ ల్యాప్‌టాప్ వైపు ఈ గుట్టు ఎప్పటికీ తెలియదు. కావాలనే చెప్పదు, దొంగకి ఉపయోగపడకుండా. కారణం సర్వర్ లాగ్‌లో ఉంటుంది. జర్నల్‌సీటీఎల్, మైనస్ యు ఎస్‌ఎస్‌హెచ్, చివరి ఇరవై లైన్లు. నాయనగారు మళ్లీ డ్యూటీ ఎక్కాలి.

కొర్లగుంట_కిట్టు
నాయన అక్షరం అక్షరం చదివినాడు: "అథెంటికేషన్ రెఫ్యూజ్డ్, బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్ ఫర్ డైరెక్టరీ", తర్వాత నా హోమ్ ఫోల్డర్ పేరు.

చంద్రగిరి_బురుజు
ఎవరో 777 కొట్టినారు, అంటే అందరికీ అన్ని హక్కులూ.

ఎస్వీయూ_హాస్టల్_కాపు
777 😂😂 పందెం డబ్బులు ఇటు

పాతబస్టాండ్_అడ్మిన్
బురుజు చెప్పింది నిజమే అయ్యుండాలి. ఎస్‌ఎస్‌హెచ్‌డీలో స్ట్రిక్ట్ మోడ్స్ అని ఒకటుంది, మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. నీ హోమ్ ఫోల్డర్‌లో ఇంకొకరు రాయగలిగితే, వాళ్లు నీ ఆథరైజ్డ్ కీస్ ఫైల్ తీసేసి తమ కీ పెట్టేయొచ్చు. అందుకని అట్లాంటి ఫోల్డర్‌లో ఉన్న కీ ఫైల్‌ని అది నమ్మనే నమ్మదు. ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌డీ కొట్టించి చూడు.

కొర్లగుంట_కిట్టు
డీ తర్వాత ఆర్‌డబ్ల్యూఎక్స్, ఆర్‌డబ్ల్యూఎక్స్, ఆర్‌డబ్ల్యూఎక్స్. నాయన మూడుసార్లు ఒకే ముక్క చదివి "ఇది సరిగ్గా పంపినారా" అన్నాడు.

బావ. జాతరకి వచ్చినాడు ఆదివారం. తన ల్యాప్‌టాప్‌కి పెళ్లి వీడియోలు కాపీ చేసుకోవాలనుకున్నాడు, సాంబా షేర్‌లో (ఇంటి నెట్‌వర్క్‌లో ఫోల్డర్ పంచుకునేది) ఏదో రాయనివ్వలేదంట. యాడో చదివి ఫోల్డర్ మొత్తానికి 777 కొట్టినాడు, లోపలివాటితో సహా. నాయన పాస్‌వర్డ్ చెప్పినాడు. అల్లుడు అడిగితే చెప్పకుండా ఉంటాడా?

శ్రీకాళహస్తి_కలంకారి
మూడో మనిషికి తాళంచెవి ఇవ్వొద్దని నేను చెప్పింది టైల్‌స్కేల్ గురించి. అల్లుడి గురించి చెప్పడం మరచిపోయా.

చిత్తూరు_తోతాపురి
అల్లుడికి సుడో ఇవ్వరాదు, రీడ్ ఓన్లీ చాలు. మా ఇంట్లో నేనే ఆ అల్లుణ్ణి కాబట్టి తెలుసు.

పాతబస్టాండ్_అడ్మిన్
నాయనగారితో మూడు లైన్లు. హోమ్ ఫోల్డర్‌కి సీహెచ్‌మోడ్ 750. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700. దాంట్లో ఆథరైజ్డ్ కీస్‌కి 600. మిగతా ఫైళ్లు తర్వాత నువ్వే లోపలికి పోయి తీరిగ్గా సర్దుకో. ప్రైవేట్ కీ ఏదైనా సర్వర్‌లో ఉంటే దానికీ 600 చెయ్, లేకపోతే అది ఇంకో చోట మొండికేస్తుంది.

కొర్లగుంట_కిట్టు
లోపలికి పోయినా!!!!

రాత్రి పదకొండున్నర. నాయన ఇంకా మానిటర్ ముందే ఉన్నాడు. "అందిందా" అని అడిగినాడు, అందింది అన్నా.

రేణిగుంట_లూప్‌లైన్
🎉 మూడు వేషాలకే దర్శనం అయిపోయింది, తోటి వేషం దాకా వచ్చి ఆగింది. దొర వేషం బాకీ.

చంద్రగిరి_బురుజు
నిద్రపోయే ముందు: కొత్త పెట్టెలో రాసిన ఆ 2222 రూల్ తీసేయించు. ఇవాళ సీజీనాట్ వల్ల అది ఉత్తదే. రేపు కంపెనీవాడు పద్ధతి మార్చి పబ్లిక్ ఐపీ ఇచ్చినరోజు అది నీకు చెప్పకుండా తెరుచుకుంటుంది. ఇంట్లో పాస్‌వర్డ్ కూడా మార్చు, బావకి తెలిసింది కదా. కాన్ఫిగ్ మార్చినప్పుడల్లా రీస్టార్ట్‌కి ముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టి కొట్టు, తప్పుంటే చెప్తుంది. ఉన్న సెషన్ మూయకుండా ఇంకో విండోలో లాగిన్ అయి చూసుకున్నాకే మొదటిది మూయి.

కొర్లగుంట_కిట్టు
రూల్ తీసేసినా. ఒక డౌటు, ఇప్పుడు లాగిన్ ముందుకంటే రవంత నిదానంగా ఉంది. ప్రమాదమా?

ఎస్వీయూ_హాస్టల్_కాపు
2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే లైబ్రరీలో దొంగతలుపు బయటపడింది సరిగ్గా ఈ డౌటుతోనే. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఆయన ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వితే తేలింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉండింది, 24.04 విడుదలయ్యేలోపలే తీసేసినారు. నీది అది కాదులే. టైల్‌స్కేల్ స్టేటస్ కొట్టు, పక్కన "రిలే" అని ఉందా?

కొర్లగుంట_కిట్టు
ఉంది.

ఎస్వీయూ_హాస్టల్_కాపు
నేరుగా కలవలేక వాళ్ల మధ్యవర్తి సర్వర్ మీదుగా పోతోంది. సీజీనాట్ ఇళ్లల్లో మామూలే. ఒక్కోసారి కాసేపటికి దానికదే "డైరెక్ట్" అవుతుంది. వీడియోలు లాగేటప్పుడు మాత్రం నిదానం తెలుస్తుంది.

కాణిపాకం_కుర్రోడు
కిట్టు బ్రో, 8022 విషయం సారీ. మా ఇంట్లో ఇప్పుడే చూసినా, నాది కూడా 22 మీదే వింటోంది. ఏడాదిగా 8022 అనుకుంటా ఉండా 🙈

పాతబస్టాండ్_అడ్మిన్
మరి ఏడాదిగా ఎట్ల లాగిన్ అవుతున్నావు?

కాణిపాకం_కుర్రోడు
ఎప్పుడూ అవలేదన్నా. పెట్టినా అంతే.

ఎస్వీయూ_హాస్టల్_కాపు
కిట్టూ, నాయనగారికి ఒక బహుమతి. సుడో వాల్ అని కొట్టి, ఖాళీ వదిలి ఏదైనా రాస్తే, ఆ మెషీన్‌లో లాగిన్ అయి ఉన్న వాళ్లందరి టెర్మినల్ మీదా అది పడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాయమను, తెలుగు అక్షరాలు కొన్నిసార్లు గజిబిజి అవుతాయి.

కొర్లగుంట_కిట్టు
ఇప్పుడే వచ్చింది. లాగ్ చదువుతా ఉంటే మధ్యలో బీప్‌తో పడింది, అన్నీ పెద్ద అక్షరాలు:

"మామిడిపండ్లు బస్సులో వేసినాను స్టాప్ రేపు ఉదయం తీసుకో స్టాప్ బావని ఏమీ అనవద్దు స్టాప్"

రేణిగుంట_లూప్‌లైన్
తోతాపురా బంగినపల్లా?

కొర్లగుంట_కిట్టు
మాటకి ఇంత అని లెక్క కదా, అంత వివరం పంపడు.

పులిచెర్ల_నాని
నాకు కూడా సేమ్ టైమవుట్ వస్తా ఉంది, ఎవరైనా హెల్ప్ చేయండి. ఏమీ మార్చలేదు.

పలమనేరు_పాలకోవా
రీబూట్ చేసినావా?

పాతబస్టాండ్_అడ్మిన్
నానీ, కొత్త దారం తెరువు. వ్యాన్ ఐపీ రాయి. ఇంట్లో అందరినీ ఒక్కొక్కరిగా అడిగి రా.